నుదుటి మీద అక్కి, ముక్కు కొన మీద ఒక్క పొక్కు: ట్రైజెమినల్ ముడిలోంచి లేచిన జోస్టర్ కేసు

రోగి 61 ఏళ్ల మహిళ, బరువు 54 కిలోలు. ఎడమ కన్ను తెరుచుకోవడం లేదని వచ్చారు. నుదుటి ఎడమ సగమంతా, కనుబొమ మీదుగా పైరెప్ప దాకా, ఎర్రమట్టి పూత ఆరి బీటలు వారి ఉంది. ముందురోజు ఊళ్లో కుమ్మరి దగ్గర అక్కి (వైద్యంలో హెర్పిస్ జోస్టర్) రాయించుకున్నారు. పూత ముక్కు పక్కగా దిగి కొన దాకా వచ్చింది. ఆ కొన దగ్గర మట్టి కింద ఏముందో చూడకుండా ఈ కేసులో అడుగు ముందుకు వేయలేం.

జబ్బు నడిచిన వరుస ఇది. మొదటి రోజు నుదుటి ఎడమవైపు మంట. దువ్వెన పళ్లు తగిలితే ఓర్చుకోలేనంత నొప్పి, చర్మం మీద మాత్రం ఏమీ లేదు. రెండో రోజు సైనస్ అనుకుని దగ్గర్లో యాంటీబయాటిక్, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. రోజుకు మూడు చొప్పున ఇచ్చారు. నాలుగో రోజు పొద్దున్న ఎర్రబడ్డ చర్మం మీద గుంపులు గుంపులుగా నీటి పొక్కులు లేచాయి. ఐదో రోజు అక్కి రాత. ఆరో రోజుకు రెప్ప వాచింది, వెలుతురు చూడలేకపోయారు. ఆసుపత్రికి చేరేసరికి తొలి పొక్కు కనిపించి సుమారు 50 గంటలైంది.

తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా., ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. వాడుతున్నారు, ఐదు నెలల కిందట రోగనిరోధకాన్ని తగ్గించే టోఫాసిటినిబ్ 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మొదలైంది. షుగర్ లేదు. ఏడెనిమిదేళ్ల వయసులో అమ్మవారు పోసిందని, గుమ్మానికి వేపమండలు కట్టారని ఆమెకు గుర్తుంది. ఈ మాట కేస్‌షీట్లో తప్పకుండా రాయాలి. ఇప్పుడు నుదుటి మీద ఉన్నది కొత్తగా అంటుకున్న వైరస్ కాదు, ఆ చిన్ననాటి ఆటలమ్మ వైరసే, పేరు వారిసెల్లా జోస్టర్. 50 ఏళ్లకు పైగా ఆమె తలలోనే ఉంది.

మట్టి తీయడం, కన్ను చూడటం

ఎండిన ఎర్రమట్టిని గీకకూడదు. గీకితే పొక్కు పైపొర ఊడుతుంది, చీము పడుతుంది, మచ్చ లోతుగా మిగులుతుంది. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డను పూత మీద 20 నిమిషాలు పరిచి, మట్టి మెత్తబడ్డాక గుడ్డతోనే ఎత్తాలి. కన్ను మూయించి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు తుడవాలి. లేకపోతే మట్టి రేణువులు రెప్ప సందులోకి జారతాయి.

మట్టి పోయాక బొమ్మ స్పష్టంగా కనిపించింది. నుదుటి ఎడమ సగంలో, జుట్టు మొదళ్లు దాటి నడినెత్తి దాకా, ఎర్రటి చర్మం మీద పొక్కుల గుంపులు. నుదుటి నడిమి గీత దగ్గర గీసినట్టు ఆగిపోయాయి. ఎడమ పైరెప్ప బాగా వాచింది. ముక్కు కొన ఎడమవైపు 2 మి.మీ. పొక్కు ఒకటి.

1865లో జొనాథన్ హచిన్సన్ వర్ణించిన గుర్తు ఈ పొక్కే. దీని విలువ తెలియాలంటే నరం దారి తెలియాలి. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మొదటి శాఖ, అంటే ఆఫ్తాల్మిక్ శాఖ, మళ్లీ మూడు పాయలవుతుంది. ఫ్రాంటల్ పాయ నుదుటికీ పైరెప్పకూ వెళుతుంది, లాక్రిమల్ పాయ కన్నీటి గ్రంథి వైపు పోతుంది. మూడోది నాసోసీలియరీ. దాని కొమ్మలు కొన్ని కార్నియాకూ (కంటి ముందరి పారదర్శక పొర) కనుపాపకూ స్పర్శనిస్తాయి, ఒక కొమ్మ ముక్కు ఎముక పక్కనుంచి బయటికి వచ్చి కొన దగ్గర ముగుస్తుంది. ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే వైరస్ నాసోసీలియరీలో దిగింది, అంటే కంటికి వెళ్లే తీగలోకీ వచ్చి ఉంటుంది. కొన మీద పొక్కు లేనంత మాత్రాన కన్ను క్షేమమని కాదు. ఆ గుర్తు లేనివాళ్లలోనూ సుమారు మూడోవంతు మందికి కన్ను దెబ్బతింటుంది. అందుకే నుదుటి అక్కి ప్రతిదానికీ స్లిట్‌ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే సూక్ష్మదర్శిని) పరీక్ష తప్పనిసరి.

ఈ పరీక్షలో వరుస తప్పితే ఒక సమాచారం ఆ పూటకు చేజారుతుంది. కార్నియా స్పర్శను ముందుగా చూడాలి, మత్తు చుక్కలు ఆ తర్వాతే. దూది కొసను సన్నటి పోగులా మెలితిప్పి, పక్కనుంచి తెచ్చి, రెప్పవెంట్రుకలకు తగలకుండా కార్నియాకు మాత్రమే తాకించాలి. ముందు మంచి కన్ను, తర్వాత జబ్బు కన్ను. ఈమెకు కుడి కన్ను తాకగానే మూసుకుంది. ఎడమ కార్నియా కింది సగంలో పోగు ఆనినా రెప్ప కదల్లేదు. మూడు నెలల తర్వాత రాబోయే చిక్కుకు సూచన ఇక్కడే దొరికింది.

తర్వాత ఫ్లోరెసీన్ అనే రంగు వేసి నీలి వెలుగులో చూస్తే కార్నియా అంచున కొమ్మల్లాంటి గీతలు మూడు. వీటి దగ్గర తొందరపడితే పొరబడతాం. జోస్టర్‌కు దగ్గరి చుట్టమైన, పెదవి పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వేసే కొమ్మ నిజమైన పుండు: గుంటలా ఉంటుంది, కొసల్లో మొగ్గల్లాంటి ఉబ్బులుంటాయి, రంగు చక్కగా పట్టుకుంటుంది. జోస్టర్ కొమ్మ పైకి ఉబ్బిన జిగురు పూత. కొసలు మొండిగా ఉంటాయి, రంగు అరకొరగా పడుతుంది. ఈమెవి రెండో రకం. ఎడమ చూపు 6/12 (మామూలు 6/6), కంటి పీడనం 18 (మామూలే), లోపలి గదిలో వాపు కణాలు లేవు, చీకటి గదిలో పాపను వెడల్పు చేసి చూస్తే రెటీనా బాగుంది. కన్ను అన్ని వైపులకూ తిరుగుతోంది, రెప్ప పడిపోలేదు.

నిర్ధారణకు చర్మం చాలు. అయినా రోగనిరోధకం తగ్గించే మందు వాడుతున్నారు కాబట్టి, సింప్లెక్స్ కూడా అప్పుడప్పుడూ ఇలా ఒకే నరం బాటలో పట్టీలా లేస్తుంది కాబట్టి, వైరస్ డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాలి. తాజా పొక్కును సూదితో విప్పి, నీటిని కాక అడుగును పొడి స్వాబ్‌తో గట్టిగా రుద్దాలి, కణాలు ఉండేది అడుగులోనే. పొక్కులు మాడిపోయి ఉంటే పెచ్చు పంపినా పనికొస్తుంది. పీసీఆర్ అందని చోట జాంక్ స్మియర్‌లో పలు కేంద్రకాల పెద్ద కణాలు కనిపిస్తే హెర్పిస్ కుటుంబమని తెలుస్తుంది, ఏదన్నది మాత్రం తెలియదు. రక్తంలో ఐజీజీ యాంటీబాడీ చూడటం డబ్బు దండగ, ఆటలమ్మ వచ్చిన ప్రతివాళ్లకూ అది ఉంటుంది. ఈమె పీసీఆర్‌లో వారిసెల్లా జోస్టర్ వైరస్ వచ్చింది. మందు మాత్రం ఆ ఫలితం కోసం ఆగలేదు.

50 ఏళ్లు ఎక్కడ ఉంది, ఏ రూపంలో ఉంది

మనిషికి సోకే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. వాటిలో నరకణాన్ని ఇల్లు చేసుకునేవి మూడు: సింప్లెక్స్ 1, సింప్లెక్స్ 2, వారిసెల్లా జోస్టర్. ఆటలమ్మ సమయంలో ఒళ్లంతా పొక్కులు లేచినప్పుడు చర్మంలోని నరపు కొసల గుండానూ, రక్తంలో తిరిగే టీ కణాలనే నిరోధక కణాల మీదుగానూ జోస్టర్ వైరస్ నరాల ముడుల్లోకి చేరుతుంది. వెన్ను పొడవునా ఉన్న ముడుల్లోకీ, ముఖానికి సంబంధించిన ట్రైజెమినల్ ముడిలోకీ వెళుతుంది. ట్రైజెమినల్ ముడి కణత ఎముక కొసన, మెకెల్ గుహ అనే చిన్న అరలో ఉంటుంది. అందులోని న్యూరాన్లన్నిటిలోనూ వైరస్ ఉండదు. చనిపోయినవారి ముడులను కణం కణంగా విడదీసి చూసినప్పుడు 1 నుంచి 7 శాతం న్యూరాన్లలోనే జోస్టర్ డీఎన్ఏ దొరికింది, అదీ కణానికి కొద్ది ప్రతులు.

దాక్కున్నది వైరస్ కణం కాదు. కవచం లేదు, పైపొర లేదు. సుమారు 1,25,000 అక్షరాల డీఎన్ఏ పోగు రెండు కొసలూ కలుపుకుని గుండ్రటి చుట్టలా మారి న్యూరాన్ కేంద్రకంలో ఉంటుంది. మన క్రోమోజోములో అతుక్కోదు, పక్కన విడిగా ఉంటుంది. న్యూరాన్ విభజన చెందదు కాబట్టి ఆ చుట్టకు తనను తాను కాపీ చేసుకోవలసిన పనే లేదు. కణం ఎంతకాలం బతికితే అదీ అంతకాలం ఉంటుంది.

అది మౌనంగా ఎలా ఉంటుందన్నది సింప్లెక్స్ మీద జరిగిన పనిలో బాగా తెలిసింది. చర్మకణంలోకి దిగిన సింప్లెక్స్ తనతో తెచ్చుకున్న వీపీ16 అనే ప్రొటీన్‌తో తొలి జీన్లను వెంటనే తెరుస్తుంది. దానికి కణం నుంచి హెచ్‌సీఎఫ్1, ఆక్ట్1 అనే రెండు తోడు కావాలి. న్యూరాన్‌లో ఈ జట్టు కుదరదు. వైరస్ దిగే నరపు కొసకూ కేంద్రకానికీ మధ్య దూరం చాలా ఎక్కువ. వీపీ16 దారిలోనే వెనకబడుతుంది. ఇంద్రియ న్యూరాన్లలో హెచ్‌సీఎఫ్1 కేంద్రకంలో కాక బయట ఉంటుంది. ఈలోపు కణం ఆ డీఎన్ఏను హిస్టోన్ అనే ప్రొటీన్ ఉండల చుట్టూ బిగించి, మూసి ఉంచే మీథైల్ గుర్తులు వేస్తుంది. ఒక్క చోటు మాత్రం తెరిచి ఉంటుంది, అక్కడి నుంచి లాట్ అనే ఆర్ఎన్ఏ వస్తుంటుంది. 1987లో దాన్ని గుర్తించారు. వైరస్‌ను లేపే ఐసీపీ0 అనే జీన్‌కు అది అద్దంలో ప్రతిబింబంలా ఎదురు దిశలో రాసి ఉంటుంది.

జోస్టర్‌కు ఇలాంటిదేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. శవం నుంచి ముడి తీయడం ఆలస్యమైన నమూనాల్లో రకరకాల జీన్లు పనిచేస్తూ కనిపించేవి, మనిషి పోయాక ముడిలో మొదలైన కదలిక అందులో కలిసేది. మరణించిన కొద్ది గంటల్లోనే తీసిన ముడులను చూశాక బొమ్మ శుభ్రపడింది. 2018లో వీఎల్‌టీ అనే ఆర్ఎన్ఏ దొరికింది. ఇది ఓఆర్ఎఫ్61 అనే జీన్‌కు ఎదురు దిశలో ఉంటుంది. ఓఆర్ఎఫ్61 అంటే సింప్లెక్స్ ఐసీపీ0కు జోస్టర్‌లోని జోడీయే. రెండు వైరస్‌లూ ఒకే చోట తాళం వేసుకున్నట్టు ఉందంటే ఆ చోటుకు ఎంత ప్రాధాన్యం ఉందో అర్థమవుతుంది. జోస్టర్ మనిషిని తప్ప వేరే జంతువును సరిగ్గా పట్టదు కాబట్టి ఎలుకలతో పని జరగదు. శవాల ముడులూ, మూలకణాల నుంచి పెంచిన న్యూరాన్లే ప్రధాన ఆధారం.

ఎందుకు లేచింది

తాళం తీసే దారుల్లో బాగా తెలిసింది న్యూరాన్ ఒత్తిడి దారి. నరానికి అందాల్సిన పోషక సంకేతం, ఎన్‌జీఎఫ్, తగ్గినా, కణానికి దెబ్బ తగిలినా డీఎల్‌కే, జేఎన్‌కే అనే ఎంజైములు మేల్కొంటాయి. సింప్లెక్స్ ఉన్న న్యూరాన్లలో ఇవి పనిచేసినప్పుడు హిస్టోన్ మీది మూసే గుర్తు పక్కనే ఒక ఫాస్ఫేట్ వచ్చి చేరుతుంది. మూత గుర్తు పోకుండానే మూత వదులవుతుంది. తొలి విడత జీన్లు ఒక్కసారిగా చదవబడతాయి, ఆ తర్వాత హెచ్‌సీఎఫ్1 కేంద్రకంలోకి వస్తుంది. జ్వరం, ఎండ, నరానికి శస్త్రచికిత్స లాంటివన్నీ చివరకు ఇలాంటి దారుల్లోకే చేరతాయని తెలుస్తోంది. 1905లోనే హార్వే కుషింగ్, ట్రైజెమినల్ ముడి మీద ఆపరేషన్ చేసినవారికి పెదవి చుట్టూ హెర్పిస్ లేస్తోందని రాశాడు.

తాళం వదులైనంత మాత్రాన జబ్బు రాదు. ముడిలో న్యూరాన్ల చుట్టూ కాపలా కాసే టీ కణాలు ఉంటాయి. సింప్లెక్స్ పట్టిన ఎలుకల్లో చూసిందేమిటంటే, ఈ కణాలు న్యూరాన్‌ను చంపకుండానే లోపల మొదలైన వైరస్ ప్రొటీన్‌ను కోసి ఆపుతాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే హెచ్చరిక ప్రొటీన్ కూడా ఈ పనిలో తోడు. వయసుతో జోస్టర్‌ను గుర్తుపట్టే టీ కణాలు తగ్గుతాయి, యాంటీబాడీలు మాత్రం తగ్గవు. అందుకే యాంటీబాడీ ఎంత ఉన్నా అక్కి వస్తుంది. ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే ఇంగ్లండ్ ఊరి వైద్యుడు, సైరెన్‌సెస్టర్‌లో తన దగ్గరకు వచ్చిన 192 కేసులను 16 ఏళ్ల పాటు రాసిపెట్టుకుని, కాపలా తగ్గినప్పుడే వైరస్ పైకి వస్తుందని 1965లో చెప్పాడు. ప్రయోగశాల లేకుండా రికార్డులూ ఓపికా మాత్రమే పెట్టుబడిగా చేసిన ఆ పని ఇవాళ్టికీ నిలిచి ఉంది.

మన రోగిలో వయసు 61, రోజూ స్టెరాయిడ్, వీటి మీద టోఫాసిటినిబ్. ఈ మందు జాక్ ఎంజైములను ఆపుతుంది. ఇంటర్‌ఫెరాన్ కణం లోపలికి కబురు పంపేది ఆ జాక్‌ల ద్వారానే. అంటే కాపలా కేక వేసినా లోపల వినపడదు. జాక్ మందులతో అక్కి ఎక్కువ కావడం వాటి లేబుల్ మీదే ఉన్న విషయం. మందు మొదలుపెట్టిన ఐదు నెలల్లో రావడంలో ఆశ్చర్యం లేదు.

పొక్కుకు ముందు మూడు రోజుల నొప్పి

నరంలో వేగంగా సరుకు మోసే దారి రోజుకు 200 నుంచి 400 మి.మీ. దూరం నడుస్తుంది. మెకెల్ గుహ నుంచి నుదుటికి దూరం 10 సెం.మీ. చుట్టుపక్కల. వైరస్‌కు ఆ ప్రయాణం గంటల పని, రోజుల పని కాదు. మరి మూడు రోజులు చర్మం శుభ్రంగా ఉండి నొప్పి ఎందుకు వచ్చింది? ఆ రోజులన్నీ వైరస్ ముడిలోనే గడిపింది. జోస్టర్ ఒక న్యూరాన్‌లో లేచి ఊరుకోదు. న్యూరాన్‌ను చుట్టి ఉండే శాటిలైట్ కణాల గుండా పక్క న్యూరాన్లకు పాకి, ముడిని వాపుతో, రక్తస్రావంతో, కణాల చావుతో నింపుతుంది. 1900లో హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు శవపరీక్షల్లో ఈ నాశనాన్ని చూసి వర్ణించారు. సింప్లెక్స్ ఇలా చేయదు. కొద్ది న్యూరాన్లలోనే లేచి, పెదవి మీద చిన్న గుంపు వేసి, మళ్లీ మళ్లీ వస్తుంది. జోస్టర్ ఎక్కువమందికి ఒక్కసారే వస్తుంది, కానీ నరం బాట మొత్తాన్నీ ఆక్రమిస్తుంది, వెనక చచ్చిన నరాన్ని వదిలిపోతుంది.

ఈ తేడా పట్టుబడితే వైద్యంలో రెండు విషయాలు వాటంతటవే తేలతాయి. మొదటిది, ఒకవైపే మంట ఉండి, జుట్టు ముట్టుకుంటే నొప్పి, చర్మం శుభ్రంగా ఉంటే అక్కి అనుమానం ముందే రావాలి. మూడు రోజులు రోజూ నుదురు చూసుకోమని, పొక్కు కనిపించిన రోజే రమ్మని చెప్పి పంపాలి. రెండోది, పొక్కులు మాడటంతో జబ్బు ముగియదు. చర్మం కథ మూడు వారాలు, ముడిదీ కంటిదీ నెలల కథ.

మందు, కిడ్నీ, లెక్క

ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గా మారే వాలాసైక్లోవిర్ 1 గ్రాము మొదటి డోసు పరీక్ష గదిలోనే మింగించాం. మామూలు మోతాదు 1 గ్రాము రోజుకు మూడుసార్లు, 7 రోజులు. అదే ఎసైక్లోవిర్ అయితే 800 మి.గ్రా. రోజుకు ఐదుసార్లు, ఇది చవక, కానీ ఐదో డోసు మరిచిపోని రోగి అరుదు. పొక్కు లేచిన 72 గంటల్లోపు మొదలుపెట్టడం నియమం. కన్ను చేరిన కేసులో, కొత్త పొక్కులు ఇంకా లేస్తున్న కేసులో 72 దాటినా మొదలుపెట్టాలి. మందు లేని రోజుల్లో నుదుటి అక్కిలో సగం మందికి కన్ను దెబ్బతినేది, మందుతో అది 20–30 శాతానికి దిగింది.

ఈ మందు పనిచేసే తీరు జెర్ట్రూడ్ ఎలియన్ బృందం 1970లలో కనిపెట్టింది. ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. ఎసైక్లోవిర్ దానంతట అది జడం. వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ దానికి మొదటి ఫాస్ఫేట్ తగిలిస్తేనే ఆయుధమవుతుంది, అప్పుడు కొత్త డీఎన్ఏ పోగును మధ్యలో తెంచుతుంది. నిద్రలో ఉన్న చుట్ట కైనేజ్ తయారుచేయదు, డీఎన్ఏనూ కాపీ చేయదు. అందువల్ల ఎన్ని నెలలు మింగినా ముడిలోని వైరస్ పోదు. "వైరస్ పూర్తిగా పోయేదాకా కోర్సు వాడండి" అనే మాట రోగికి చెప్పకూడదు. అది అబద్ధం, మళ్లీ వచ్చిన రోజు వైద్యుడి మీద నమ్మకం పోతుంది.

సాయంత్రానికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 వచ్చింది. చూడటానికి కాస్తే ఎక్కువ. కిడ్నీ నిమిషానికి ఎంత వడపోస్తుందో (క్లియరెన్స్) చెప్పే కాక్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేయాలి: 140లోంచి వయసు 61 తీస్తే 79, దాన్ని బరువు 54తో గుణించి, 72 ఇంటూ 1.4తో భాగిస్తే 42.3, మహిళ కాబట్టి 0.85తో గుణిస్తే 36. క్లియరెన్స్ 30–49 మధ్య ఉంటే వాలాసైక్లోవిర్ 1 గ్రాము 12 గంటలకోసారి; 10–29 అయితే 24 గంటలకోసారి; 10 కంటే తక్కువైతే 500 మి.గ్రా. 24 గంటలకోసారి. చిన్న శరీరం, పెద్ద వయసు, పక్కన డైక్లోఫెనాక్ ఉన్నవాళ్లకు కళ్లు మూసుకుని రోజుకు 3 గ్రాములు ఇస్తే మూడో నాలుగో రోజుకు తత్తరపాటు, లేనివి కనిపించడం, చేతులు ఉలిక్కిపడటం మొదలవుతాయి. వైరస్ మెదడుకు చేరిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. చాలాసార్లు అది మందు మోతాదు తెచ్చిన కష్టమే.

కిడ్నీకి భారమయ్యే డైక్లోఫెనాక్ ఆపించి, రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగించాం. నాలుగో రోజుకు క్రియాటినిన్ 1.1కు వచ్చింది. లెక్క 46, మోతాదు మారలేదు. కీళ్ల వైద్యుడితో ఫోన్లో మాట్లాడి టోఫాసిటినిబ్ ఆపించాం. ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. ఆపలేదు, ఏళ్ల తరబడి వాడినది ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేస్తుంది. నిరోధకం తగ్గినవారిలో పొక్కులు రెండో నరం బాటకు పాకినా, ఒంటి మీద విడివిడిగా 20కి మించి లేచినా, రెటీనాలో తెల్లమచ్చ కనిపించినా, మాట తడబడినా వెంటనే చేర్చుకుని ఎసైక్లోవిర్ సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. కిలోకు 10 మి.గ్రా. చొప్పున, గంటపాటు నెమ్మదిగా. ఈమె క్లియరెన్స్‌కు 12 గంటలకోసారి. ఇవేవీ లేవు కాబట్టి మాత్రలతోనే, మొదటి మూడు రోజులు రోజూ పిలిపించి చూస్తూ నడిపించాం. మూడో రోజు తర్వాత కొత్త పొక్కు లేవలేదు. కోర్సు 10 రోజులకు పొడిగించాం.

నొప్పికి పారాసెటమాల్ 650 మి.గ్రా., నరాల నొప్పి మందు గాబాపెంటిన్ రాత్రి 100 మి.గ్రా.తో మొదలుపెట్టి వారంలో 300కు, తర్వాత ఉదయం మరో 300. ఈ క్లియరెన్స్‌లో అంతకంటే వేగంగా పెంచితే తూలి పడతారు, ఈ వయసులో తుంటి విరుగుతుంది. పొక్కుల మీద పెట్రోలియం జెల్లీ చాలు. స్టెరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీములు వద్దే వద్దు.

ఇంట్లో నెలలు నిండుతున్న కోడలు ఉంది. పొక్కుల నీటి నుంచి అక్కి అంటదు, ఆటలమ్మ అంటుతుంది. అదీ ఇంతకుముందు రానివాళ్లకు. కోడలికి వచ్చిందో లేదో గుర్తు లేదు. ఐజీజీకి అసలైన ఉపయోగం ఇక్కడ: అదే రోజు పంపితే పాజిటివ్ వచ్చింది, భయం తీరింది. నెగటివ్ అయితే 10 రోజుల్లోపు వారిసెల్లా ఇమ్యూనోగ్లోబ్యులిన్ కోసం వెతకాలి. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా తువ్వాలూ దిండూ వేరుగా పెట్టించాం.

పన్నెండో రోజు

చర్మం ఆరింది, కన్ను మళ్లీ ఎర్రబడింది. ఇంట్లో అందరూ నయమైందని అనుకున్న సమయం. చూపు 6/24కు పడింది, కార్నియా లోపలి పొరలో మబ్బు, లోపలి గదిలో కణాలు, కంటి పీడనం 34. వైరస్ పెరగడం కంటే దాని ప్రొటీన్ల మీద శరీరం చేసే దాడి ఇక్కడ ఎక్కువ. కార్నియా పైపొర మానిందని ఫ్లోరెసీన్‌తో చూసుకున్నాకే ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం చుక్కలు రెండు గంటలకోసారి, పాపను వెడల్పు చేసే హోమాట్రోపిన్, పీడనం దించే టిమొలాల్ 0.5 శాతం రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాం. ఆయాసం ఉందా అని అడిగి, నాడి చూసుకునే టిమొలాల్ రాయాలి. పీడనానికి ఎసిటాజొలమైడ్ మాత్ర చేతికి అందేదే, కానీ ఈ కిడ్నీతో ఇవ్వలేదు. స్టెరాయిడ్ చుక్కలు నడిచినన్నాళ్లూ వాలాసైక్లోవిర్ రోజుకు 1 గ్రాము.

వారంలో పీడనం 18కి దిగింది. ఇక్కడ జరిగే తప్పు, చుక్కలు త్వరగా ఆపేయడం. జోస్టర్ కంటిలో స్టెరాయిడ్‌ను నెలల మీద దించాలి: రోజుకు నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఆ తర్వాత రోజు విడిచి రోజు. తొందరపడితే మబ్బు తిరిగొస్తుంది. ఇదే చుక్కను సింప్లెక్స్ కొమ్మ పుండు మీద వేస్తే పుండు మొత్తం కార్నియాకు పాకుతుంది. మొదటి రోజు ఆ కొమ్మల కొసలను అంత శ్రద్ధగా చూడటం అందుకే.

మూడో నెల

కోడలు చూసి తీసుకొచ్చింది. "అత్తయ్యకు నొప్పేమీ లేదంటున్నారండీ, కానీ కన్ను రెండు రోజులుగా ఎర్రగానే ఉంది" అంది. కార్నియా మధ్యకు కాస్త కింద 3 మి.మీ. కోలటి పుండు, అంచులు చుట్టినట్టు మందంగా, నునుపుగా. దూది పోగు తాకినా తెలియలేదు. ముడిలో న్యూరాన్లు చచ్చిపోతే కార్నియాకు స్పర్శతో పాటు పోషక సంకేతాలూ ఆగిపోతాయి. పైపొర ఊడితే తిరిగి పెరగదు, ఊడినట్టు రోగికి తెలియదు. నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాద సంకేతం.

ముందుగా చుక్కల సీసాలు చూశాం. టిమొలాల్‌లో ఉండే బెంజల్కోనియం అనే నిల్వమందు ఇలాంటి పైపొరకు విషం. పీడనం బాగుంది కాబట్టి ఆపేశాం. స్టెరాయిడ్‌ను రోజుకు ఒక్క చుక్కకు తగ్గించాం. నిల్వమందు లేని కన్నీటి చుక్కలు గంటకోసారి, రాత్రి లేపనం, ఆమె రక్తం నుంచే తీసిన 20 శాతం సీరమ్ చుక్కలు రోజుకు ఆరుసార్లు. సీరమ్ సీసాలు ఫ్రీజర్‌లో ఉంచి, వాడే సీసా ఒక్కటే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, తెరిచింది రోజు మించి వాడకూడదు. పదిరోజులకు పుండు అంగుళం కదల్లేదు. రెప్పల బయటి మూడోవంతు కుట్టేశాం. ఈ కుట్టు అంటే రోగులు బెదురుతారు, వైద్యులు వాయిదా వేస్తారు. ఆలోగా కార్నియా పలచబడి చిల్లు పడుతుంది. ఐదు వారాలకు పుండు మానింది. చూపు 6/18 దగ్గర ఆగింది, లేత మచ్చ మిగిలింది.

ఆరో నెలలో జోస్టర్ టీకా మొదటి డోసు వేశాం. ఇది 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్న రీకాంబినెంట్ టీకా. బతికున్న వైరస్ ఇందులో లేదు. వైరస్ పైపొరలోని గ్లైకోప్రొటీన్-ఈ (E) అనే ప్రొటీన్, దానికి తోడు నిరోధకాన్ని రెచ్చగొట్టే పదార్థం. మామూలుగా రెండో డోసు 2 నుంచి 6 నెలలకు. నిరోధకం తగ్గినవాళ్లకు 1 నుంచి 2 నెలలకే. ముడిలోని చుట్టను ఇది తీయలేదు, కాపలా కణాలను పెంచుతుంది. ఖరీదు ఎక్కువే. అయినా జాక్ మందు రాసే ముందు ఈ టీకా సంగతి ఎత్తి ఉంటే ఈ కేసు నడిచే తీరు వేరుగా ఉండేది. కీళ్ల మందు జాక్ కాని వేరేదానికి మార్చారు.

అక్కి రాత గురించి ఒక మాట. ఛాతీ మీద, నడుం మీద వచ్చే అక్కి రెండు నుంచి నాలుగు వారాల్లో దానంతటది మాడిపోతుంది, ఆ పేరు రాతకు దక్కుతుంది. రాసేవాళ్లను తిట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. జనం మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. ఆ ఊరి కుమ్మరికి కబురు పెట్టాం: నుదురు, కన్ను, ముక్కు, చెవి మీద వస్తే రాయకుండా ఆ పూటే ఆసుపత్రికి పంపమని, మిగతా చోట్ల వచ్చినా రాతతో పాటు మందు కోసం పంపమని. కనీసం రెప్ప మీద మట్టి వేయనని ఆయన ఒప్పుకున్నారు.

ఏడాది దగ్గర చూసినప్పుడు ఎడమ కార్నియా కింది సగానికి స్పర్శ ఇంకా రాలేదు. నుదుటి మీద మంట తగ్గింది. దువ్వెన పెట్టగలుగుతున్నారు, చన్నీళ్లు మాత్రం తగలనివ్వరు. కుట్టు విప్పమని అడిగారు, ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్న కోడలు టార్చి వేసి ఎడమ కన్ను ఎర్రబడిందా, తెల్లమచ్చ కనిపిస్తోందా చూస్తుంది. ఆ తర్వాత ఆమె కుడి కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండర్‌లో తేదీ చదువుతారు. కుడి చేయి, కుడి కాలు బలం తగ్గినా, మాట తడబడినా ఆగకుండా తీసుకురమ్మని చెప్పాం. ఈ వైరస్ ట్రైజెమినల్ ముడి నుంచి మెదడు రక్తనాళాల గోడల్లోకి కూడా పాకగలదు, నుదుటి అక్కి తర్వాతి నెలల్లో పక్షవాతం ముప్పు ఎక్కువ. నొప్పి లేదని వాయిదా వేయకుండా, ప్రతి రెండు నెలలకూ కంటి పరీక్షకు రావాలి.